ధైర్యం చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు

క్యాన్సర్ అని తేలిన మనిషి ఇంటికి పరామర్శకు వెళ్లేవాళ్లు మార్కాపురంలోనైనా, కంభంలోనైనా, గిద్దలూరులోనైనా చెప్పే మాట ఒక్కటే: “ఏం కాదులే అక్కా, నువ్వు మనసు గట్టి చేసుకో, సగం జబ్బు అక్కడే పోతుంది.” ఫిబ్రవరి 4న జరిగే క్యాన్సర్ దినం సభల్లో వక్తలదీ ఇదే పాట. జబ్బు నయమైనవాళ్లను పిలిచి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చి ఆత్మస్థైర్యం గురించి చెప్పమంటారు. ఏ మందు వాడారు, ఎన్నో దశలో దొరికింది, ఎక్కడ ఉండి చికిత్స చేయించుకున్నారు, ఇంటి ఖర్చు ఎలా గడిచింది అని ఎవరూ అడగరు. అవి సభకు పనికొచ్చే మాటలు కావన్నమాట.

ఈ వాదాన్ని తక్కువ చేసి చూపి కొట్టిపారేయడం సులువు, కానీ అది న్యాయం కాదు. రాచపుండు అంటే ఇక పాడె కట్టుకోవడమే అనుకున్న రోజులు దాటి వచ్చిన ఊళ్లివి. పేరు పలకడానికి జంకి, గొంతు తగ్గించి “ఆ జబ్బు” అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నిస్పృహకు ఎదురు తిరిగి పుట్టిందే ఈ ధైర్యవచనం. కుంగిపోయిన మనిషి తిండి మానేస్తాడు, రెండో కీమోకు రానంటాడు, ఎవరో చెప్పిన ఆకుపసరు వెంట పడతాడు. గట్టిగా నిలబడ్డ మనిషి చికిత్స పూర్తి చేస్తాడు. కాబట్టి ధైర్యం ప్రాణం నిలబెడుతుంది అన్నది ఆ వాదంలోని సారం. చెప్పేవాళ్ల మనసులో ప్రేమే తప్ప మరో ఉద్దేశం ఉండదు. ఒకప్పుడు శాస్త్రం దన్ను కూడా దొరికింది. 1979లో లండన్‌లో గ్రీర్ అనే వైద్యుడి బృందం తొలి దశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 69 మందిని గమనించి, పోరాడే స్వభావం చూపినవాళ్లు ఐదేళ్ల తర్వాత మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారని ‘లాన్సెట్’ పత్రికలో రాసింది. (తమకు అంత పెద్ద జబ్బేమీ లేదని కొట్టిపారేసినవాళ్లు కూడా మెరుగ్గానే ఉన్నారని అదే వ్యాసంలో ఉంది. ఆ సంగతి ఏ వేదిక మీదా వినపడదు.)

ఇంత మంచి మాటను ఖండించడం ఎందుకంటే, ధైర్యానికి క్యాన్సర్‌ను తగ్గించే శక్తి లేదు. ఉందని నమ్మించడం వల్ల రోగికి నష్టం జరుగుతోంది. కోలుకున్నవాళ్ల దగ్గర ఇంతకంటే విలువైన సరుకు ఉండగా, ఈ ఒక్క మాట దాన్ని అడగనివ్వడం లేదు.

1. పరీక్షకు పెడితే నిలవలేదు

1979 నాటి ఆ వ్యాసాన్ని తిరగదోడింది దాని విరోధులు కాదు. గ్రీర్ కూడా సభ్యుడిగా ఉన్న బృందమే ఈసారి 578 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను కనీసం ఐదేళ్లపాటు గమనించి, 1999లో అదే ‘లాన్సెట్’లో ఫలితం ప్రకటించింది. పోరాట స్వభావం ఎక్కువ ఉన్నవాళ్లకూ, లేనివాళ్లకూ ఆయుష్షులో తేడా కనపడలేదు. 69 మందిలో కనిపించింది 578 మందిలో మాయమైతే, మొదటిది యాదృచ్ఛికమనుకోవడమే వివేకం. అమెరికాలో స్పీగెల్ అనే పరిశోధకుడి కథా ఇంతే. జబ్బు ఒళ్లంతా పాకిన 86 మంది స్త్రీలలో, వారం వారం కలిసి కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నవాళ్లు మిగతావాళ్ల కంటే దాదాపు రెట్టింపు కాలం బతికారని ఆయన 1989లో రాస్తే ప్రపంచమంతా మార్మోగింది. 2001లో కెనడా పరిశోధకులు 235 మందితో ఆ ప్రయోగం మళ్లీ చేశారు, ఆయుష్షు పెరగలేదు. 2007లో స్పీగెల్ స్వయంగా మళ్లీ చేసినా మొత్తం మీద తేడా రాలేదు. మొదటి వార్త మోగినంతగా ఈ రెండూ మోగలేదు.

అదే 2007లో తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మంది లెక్క బయటికి వచ్చింది. అప్పటికి వాళ్లలో 646 మంది చనిపోయారు. చికిత్స మొదట్లో మనసు ఎంత కులాసాగా ఉందో కొలిచి పెట్టుకున్న అంకెలకూ, ఎవరు ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం దొరకలేదు. అంతకు ఐదేళ్ల ముందే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు, అనుకూల ఫలితాలు ఎక్కువగా చిన్న చిన్న అధ్యయనాల్లోనే వచ్చాయని తేల్చారు. ఇన్నేళ్లు, ఇన్ని దేశాలు, ఇంతమంది రోగులు. ఒక కొత్త మాత్రకు ఇలాంటి ఫలితాలు వస్తే ఆ కంపెనీ నోరెత్తదు. ధైర్యం విషయంలో మాత్రం మనం ప్రచారం ఆపలేదు.

2. బతికినవాళ్ల సాక్ష్యమే వింటున్నాం

“మరి యువరాజ్ సింగ్?” అంటారు వెంటనే. 2011 ప్రపంచకప్ గెలిపించి, ఊపిరితిత్తుల నడుమ గడ్డ బయటపడి, కీమో చేయించుకుని 2012 సెప్టెంబరుకల్లా మళ్లీ భారత జట్టుకు ఆడిన మనిషి సంకల్పబలాన్ని కాదనడానికి లేదు. కానీ ఆయనకు వచ్చింది సెమినోమా, సిస్‌ప్లాటిన్ అనే మందుకు తేలిగ్గా లొంగే కుటుంబానికి చెందిన క్యాన్సర్. ఆయనకు చికిత్స జరిగిన అమెరికాలోని ఇండియానాపోలిస్‌లోనే, ఆయనను చూసిన డాక్టర్ ఐన్‌హార్నే 1974లో ఆ మందును మరి రెండింటితో కలిపి వాడటం మొదలుపెట్టారు. అంతకు ముందు ఈ కుటుంబపు జబ్బు ఒళ్లంతా పాకిన యువకుల్లో పదిమందికి ఒకరు బతికితే గొప్ప. ఆ తర్వాత ఎక్కువమంది బతకడం మొదలైంది. 1974కు ముందు చచ్చిపోయిన ఆ పాతికేళ్ల కుర్రాళ్లందరూ పిరికివాళ్లా? ఒక ఏడాది పిరికితనం పోయి మరుసటి ఏడాది ధైర్యం పుట్టుకొచ్చిందా? మారింది మందు.

పిల్లల రక్త క్యాన్సర్ ఇంకా గట్టి సాక్ష్యం. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందికి జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. ఆ మందును తయారుచేసిచ్చిన లెడర్లీ ప్రయోగశాలను నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ పిల్లలకు వాడుతున్నారు. అప్పట్లో కొన్ని నెలల్లో ప్రాణం తీసిన ఆ జబ్బు నుంచి, మందులన్నీ సమయానికి అందే దేశాల్లో ఇప్పుడు పదిమందిలో తొమ్మిది మంది దాకా బయటపడుతున్నారు. మూడేళ్ల పాపకు పాజిటివ్ థింకింగ్ ఎవరు నేర్పారు? సూది చూస్తే గుక్కపట్టి ఏడ్చే పిల్లలే బతికి బట్టకట్టారు.

ఈ వాదంలోని అసలు లొసుగు ఇక్కడుంది. వేదిక మీదికి బతికినవాళ్లనే పిలుస్తాం. వాళ్లందరూ ధైర్యంగా ఉన్నామనే చెబుతారు, అది నిజం కూడా. అంతే ధైర్యంగా ఉండి చనిపోయినవాళ్లు వచ్చి చెప్పలేరు కాబట్టి లెక్క ఒకవైపే రాసుకుంటున్నాం. ఎవరు బతుకుతారన్నది ఎక్కువగా తేల్చేది వేరే ఉంది. మన దేశపు క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్క ప్రకారం రొమ్ము క్యాన్సర్ పుట్టిన చోటే ఉండగా దొరికినవాళ్లలో ఐదేళ్లు దాటి బతికేవాళ్లు సుమారు 81 శాతం, దూరపు అవయవాలకు పాకాక దొరికినవాళ్లలో సుమారు 18 శాతం. ఒకే దేశం, ఒకే జబ్బు. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఏ ఉపన్యాసమూ పూడ్చలేదు.

3. ధైర్యస్థుడు జ్వరం సంగతి చెప్పడు

“సరే, మందు కాదనుకో, చెబితే పోయేదేముంది?” అనే మెతక వాదం ఒకటుంది. పోయేది చాలా ఉంది. ధైర్యం ఉంటే నయమవుతుంది అన్నాక, నయం కానివాళ్లకు ధైర్యం చాలలేదన్న తీర్పు దాని వెనకే వస్తుంది. జబ్బు తిరగబెట్టిన మనిషి రాత్రిళ్లు తన మనసులోనే తప్పు వెతుక్కుంటాడు. పోయినవాళ్ల ఇంట్లో “మా ఆయన మొదటి నుంచీ బెంగటిల్లాడు, అందుకే” అని భార్య అనుకోవలసి వస్తుంది. కణాలు చేసిన పనికి మనిషి స్వభావాన్ని బోనులో నిలబెట్టడం ఇది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం, రోగి నోరు మూతపడటం. కీమో ఎక్కించిన వారం, రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తాకిందంటే అది గంటల్లో ఆసుపత్రికి చేరి యాంటీబయాటిక్ ఎక్కించుకోవలసిన అత్యవసరం. ధైర్యవంతుడని ఊరంతా మెచ్చుకుంటున్న మనిషి ఏం చేస్తాడు? దుప్పటి కప్పుకుని, పారాసెట్మాల్ వేసుకుని, పొద్దునకు తగ్గుతుందిలే అని ఊరుకుంటాడు. పిల్లలు కంగారు పడతారని చెప్పడు. తెల్లారేసరికి బీపీ పడిపోయి ఉంటుంది. జ్వరాన్ని ఓర్చుకున్నందుకు ఎవరూ పతకం ఇవ్వరు.

ఓర్చుకోకుండా చెప్పుకుంటే ఏమవుతుందో కొలిచి చూశారు. న్యూయార్క్‌లో ముదిరిన క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 766 మందిలో కొందరికి, తమ బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటరులో నమోదు చేసే ఏర్పాటు కల్పించారు. వాంతి, నొప్పి, ఆయాసం, విరేచనాలు ముదిరితే నర్సుకు కబురు వెళుతుంది. 2017లో ఫలితం వచ్చింది: మామూలు పద్ధతిలో ఉన్నవాళ్ల ఆయుష్షు సగటున 26 నెలలైతే, చెప్పుకున్నవాళ్లది 31 నెలలు. ఐదు నెలల ఆయుష్షు ఇచ్చే కొత్త మందు వస్తే లక్షలు పోసి కొంటాం. ఇక్కడ దాన్నిచ్చింది ఫిర్యాదు చేయడం, విన్నవాళ్లు వెంటనే కదలడం. మన పరామర్శలు నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

4. గుంటూరు దూరం మనోబలంతో తగ్గదు

ఇక మన నేల సంగతి. మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం, ఈ నాలుగు ఊళ్లలో ఎక్కడా రేడియేషన్ యంత్రం లేదు. మనవాళ్ల మాటలో “కరెంటు పెట్టించుకోవాలంటే” గుంటూరు పెద్దాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రానికో, కర్నూలుకో, తిరుపతికో, హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రికో, అలాంటి మరో చోటికో పోవాలి. ఒక్క రోజుతో అయ్యే పని కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు. యంత్రం కింద పడుకునేది రోజుకు పది పదిహేను నిమిషాలే, దానికోసం నెలన్నర ఊరు విడవాలి. రోగితో పాటు తోడు మనిషి కూలీ పోతుంది. పలకల ఫ్యాక్టరీలో రోజుకూలి చేసే ఇంట్లో, రెండు బర్రెల పాల మీద గడిచే ఇంట్లో ఆ నెలన్నర ఎలా గడుస్తుందన్నదే చికిత్స పూర్తవుతుందా లేదా అన్నది తేలుస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆసుపత్రి బిల్లు మోస్తుంది. అది లేకపోతే ఈ ప్రాంతంలో సగం మంది కీమో మొహమే చూసి ఉండరు. కానీ తోడు వచ్చినవాళ్ల అద్దె గదినీ, పోయిన కూలినీ అది పూర్తిగా మోయదు.

మధ్యలో ఆగితే ఏమవుతుంది? నోటి, గొంతు క్యాన్సర్లలో రేడియేషన్ ఆలస్యమైన ఒక్కో రోజుకు గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి నుంచి పెట్టే కరెంటు, లోపల పెట్టేది కలిపి 8 వారాల్లో ముగియాలి. మూడో వారంలో నోరంతా పూసి, గంజి కూడా మింగుడు పడక, “పండగ చేసుకుని మళ్లీ వస్తాం” అని రైలెక్కి ఇంటికొచ్చేసే మనిషికి ఈ లెక్క ఎవరైనా చెప్పారా? అతనికి ధైర్యం చెప్పినవాళ్లు ఇరవై మంది ఉంటారు. ఆ నొప్పికి మందు పుక్కిలించి మింగితే కాస్త తిండి దిగుతుందనీ, అవసరమైతే ముక్కులో గొట్టం వేయించుకునైనా మిగిలిన వారాలు దాటాలనీ చెప్పగలిగింది ఆ దారిన నడిచి వచ్చినవాళ్లు మాత్రమే.

ఈ ధైర్య ప్రచారం వల్ల పాలకులకు మాత్రం లాభం. జబ్బు తగ్గడం, తగ్గకపోవడం రోగి మనసు మీద ఆధారపడితే ఇక అడగవలసిందేముంది? మార్కాపురానికి మంజూరైన వైద్య కళాశాలను ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలా అన్న రగడ 2025 నుంచి నడుస్తోంది. ఎవరు నడిపినా అక్కడ కీమో ఎక్కించే గది ఉంటుందా, అర్ధరాత్రి జ్వరంతో వచ్చిన క్యాన్సర్ రోగిని చేర్చుకుంటారా అన్న ప్రశ్న ఆ రగడలో వినిపించడం లేదు. పలకరాయి కోసే చోట లేచే సిలికా దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేలిన వాటి జాబితాలో చేర్చింది. పొగాకు సంగతి పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలున్న ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. దుమ్ము పీల్చిన కార్మికుడికి ముక్కుకు కట్టుకునే సరైన మాస్కు ఇవ్వలేదు గానీ, జబ్బు వచ్చాక గుండె నిబ్బరం మీద ఉపన్యాసం ఇస్తున్నాం.

5. ఎదురు వచ్చే మాటలు

“ఆశ లేకపోతే మనిషి చికిత్సే మానేస్తాడు కదా?” ఇది బలమైన అభ్యంతరం. పైన చెప్పిన 1999 అధ్యయనంలోనే, నిస్సహాయంగా కుంగినవాళ్లకు జబ్బు తిరగబెట్టే ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది. కానీ దానికి జవాబు ధైర్యవచనం కాదు. కుంగుబాటు కూడా ఒక జబ్బే. నిద్ర పట్టక, తిండి సయించక, బతుకు మీద ఆశ వదులుకున్న మనిషికి మానసిక వైద్యుడు కావాలి, మాత్రలు కావాలి. “అలా ఏడవకూడదు, ధైర్యంగా ఉండాలి” అంటే అతను ఏడుపు దాచుకుంటాడు, జబ్బు దాగుతుంది. ఇక చికిత్స మానేసేవాళ్లలో ఎక్కువమంది ఛార్జీలకు లేక, తోడు లేక, ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న పుకారు నమ్మి, బాధ భరించలేక మానేస్తారు. వీటన్నిటికీ విడివిడిగా విరుగుడు ఉంది. ధైర్యం అనే ఒక్క గంపలో అన్నీ వేస్తే ఏదీ దొరకదు. పరీక్షకు రావడానికైనా ధైర్యం కావాలి కదా అంటారు కొందరు. 2024 నవంబరు నుంచి ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ల గురించి అడుగుతున్నారు. గడ్డ ఉందని చెప్పడానికి ఆడమనిషి జంకేది ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలియక. తర్వాతి మెట్టు తెలిస్తే సగం జంకు దానంతటదే పోతుంది.

“అంటే కోలుకున్నవాళ్లు వెళ్లి పలకరించొద్దంటారా?” పలకరించాలి, తప్పకుండా. కెనడా ప్రయోగంలో ఆయుష్షు పెరగకపోయినా, కలిసి కూర్చున్నవాళ్లకు దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. అది చిన్న లాభమేమీ కాదు. అయితే ఆ పలకరింపులో ఏం ఉండాలన్నదే గొడవ. కోలుకున్న మనిషి దగ్గర డాక్టరు దగ్గర కూడా లేని విద్య ఉంటుంది. బయాప్సీ రిపోర్టు ఒక్కటే కాదు, స్లైడ్లు, బ్లాకులు కూడా అడిగి తీసుకుని భద్రం చేయాలి, ఆసుపత్రి మారితే అవే మళ్లీ ముక్క తీయకుండా కాపాడతాయి. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని బయల్దేరాలి. నోటికి, గొంతుకు కరెంటు పెట్టే ముందే పుచ్చుపళ్లు పీకించుకోవాలి, తర్వాత పీకితే దవడ ఎముక చెడే ముప్పుంది. వంటి మీద గీసిన గీతలు చెరిగేలా రుద్ది స్నానం చేయకూడదు. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు మనిషికి 75 శాతం తగ్గింపు, దానికి ఆసుపత్రి సంతకంతో ఫారం కావాలి. గుంటూరు–నంద్యాల లైను మీద మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో రైలెక్కే ఎంతమందికి ఈ సంగతి తెలుసు? డాక్టరును ఒక ప్రశ్న సూటిగా అడగాలనీ చెప్పాలి: ఈ చికిత్స జబ్బును పూర్తిగా తీసేయడానికా, అదుపులో పెట్టడానికా? ఇంట్లో థర్మామీటరు కొని పెట్టుకొమ్మని చెప్పాలి. ఇవి చెప్పే మనిషి వేరే ధైర్యం చెప్పక్కర్లేదు.

చివరి అభ్యంతరం కటువైనది: “నయం కాని దశలో ఉన్నవాళ్లకైనా ధైర్యం తప్ప ఇంకేం ఇవ్వగలం?” సరిగ్గా వాళ్ల విషయంలోనే ఈ వాదం అన్నిటికంటే క్రూరంగా తయారవుతుంది. పోరాటం, గెలుపు, ఓటమి అనే లెక్కలో వాళ్లకు మిగిలేది ఓటమి ఒక్కటే. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో, మొదటి నుంచీ నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే ఉపశమన వైద్యం కలిపి అందుకున్నవాళ్లు సుఖంగా ఉండటమే కాదు, సగటున 8.9 నెలలకు బదులు 11.6 నెలలు బతికారు. ఇవ్వగలిగింది ఇదీ. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది కూడా నొప్పి తగ్గించే మార్ఫిన్ అవసరమైనవాళ్లకు తేలిగ్గా అందాలని. అయినా పళ్లు బిగబట్టి నొప్పి భరించే మనిషిని చూసి “ఎంత గుండె ధైర్యమో” అని మెచ్చుకుంటూ వచ్చేస్తున్నాం. ఆ ఇంటికి వెళ్లేవాళ్లు చేయవలసింది నొప్పి పదికి ఎంత ఉందో అడగడం, ఆ అంకెతో డాక్టరు దగ్గరికి ఇంట్లో ఒకరిని పంపించడం, మార్ఫిన్ రాసిచ్చే ఆసుపత్రి దగ్గరలో ఏదో కనుక్కుని చెప్పడం.